కోత మిషను మొరాయిస్తే కోత కూలికా?

చెట్టు కొట్టే పనిలో గొడ్డలి వెనక్కి పోయి, పెట్రోలు రంపం ముందుకొచ్చి చాలా కాలమైంది. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు సరుగుడు తోపులు, శ్రీకాళహస్తి చుట్టూ నీలగిరి తోటలు, పలమనేరు, పుంగనూరు పక్క చింతమాన్లు, చెరువు కట్టల మీదా గుట్టల కిందా విడవకుండా మొలిచే సర్కారు కంప. వీటన్నిటి మీదా ఇప్పుడు పనిచేసేది కోత మిషనే. కూలీలు దాన్ని రంపపు మిషను అంటారు, కొందరు ఉత్త ‘మిషను’ అంటారు. పేరేదైనా, ఆ మిషను తిరిగిన పూట కూలి ఉంటుంది, తిరగని పూట ఉండదు.

దీనికి తోడు మామిడి వచ్చి చేరింది. 2025 వేసవిలో తోతాపురి ధర ఎలా పడిపోయిందో మన జిల్లా రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి 12 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కాయను దారి పక్కన పారబోసినవాళ్లున్నారు. విసిగిపోయి తోటనే కొట్టించినవాళ్లూ ఉన్నారు. ధర పడితే రైతు మాను కొట్టిస్తాడు. ఆ మాను మీద మిషను పెట్టేది మాత్రం మనమే. నాలుగు రోజులు కోత పని దొరికిందని సంతోషించేలోపే, ఏటా ఆ తోటలో కాయ కోతకూ, గ్రేడింగుకూ, లోడింగుకూ దొరికే పని శాశ్వతంగా పోయింది. వ్యవసాయ కార్మికుడి బతుకులోని ఈ మెలికను వ్యవసాయ సంక్షోభం గురించి రాసే పెద్దలు చాలామంది పట్టించుకోరు.

మేము ఈరోజు ఎత్తుకున్న విషయం మాత్రం ఇంకా చిన్నదిగా కనపడేది. మిషను మొరాయించడం గురించి. చిన్న విషయం కాదని చదివితే తెలుస్తుంది.

పని సాగే తీరు ఇది. కట్టె కొన్న వ్యాపారి మేస్త్రీకి అప్పజెప్పుతాడు. మేస్త్రీ అడ్వాన్సులిచ్చి మనుషుల్ని కూడేస్తాడు. మిషను మేస్త్రీది, లేదా బాడుగకు తెచ్చింది. కూలి టన్ను లెక్క. ఆ టన్ను లెక్కలోంచి పెట్రోలు, ఆయిలు, చైను, రిపేరు పట్టుకుంటారు. ఒకప్పుడు పది గొడ్డళ్లు పట్టిన తోపులో ఇప్పుడు ఒక మిషను, నలుగురు మనుషులు చాలు. మిషను పట్టేవాడికి రెండు రూపాయలు ఎక్కువ, కొమ్మలు నరికి, బెరడు తీసి, మోసే ఆడకూలీలకు తక్కువ. మిషను ఆగితే అందరికీ సున్న. సాయంత్రం లెక్క దగ్గర మేస్త్రీ అనే మాట మాత్రం ఎక్కడైనా ఒకటే: ‘‘ఏమప్పా, మిషను నీ చేతిలో గదా చెడింది? దుడ్లు నేనెందుకు పెట్టుకోవాల?’’

మా దగ్గరకు వచ్చే కట్టె కూలీల తగాదాల్లో కూలి రేటు మీద వచ్చేవెన్నో, ఈ రిపేరు కోత మీద వచ్చేవి దాదాపు అన్ని. మిషను ఎందుకు చెడిందో చెప్పగలిగిన కూలీ ఆ పంచాయతీలో నిలబడతాడు. చెప్పలేనివాడు తల వంచుకుని పోతాడు. అందుకే ఈ వారం మిషను లోపలికి పోయి మాట్లాడదలచాం.

మొదట పెట్రోలు. ఈ రెండు మూడేళ్లలో మిషన్లు మునుపటి కంటే ఎక్కువ చెడుతున్నాయని కూలీలు అంటున్నారు. ఇందులో నిజముంది. బంకులో మనం పట్టించుకునే పెట్రోలు ఇప్పుడు ఒట్టి పెట్రోలు కాదు, అందులో నూటికి 20 పాళ్లు ఎథనాలు, అంటే సారా జాతి ద్రవం. 2030 నాటికి చేరాలనుకున్న ఈ 20 శాతాన్ని కేంద్ర ప్రభుత్వం ముందుకు జరిపి 2025కే చేరింది. విదేశీ చమురు కొనుగోలు తగ్గుతుందనీ, చెరకు రైతు, మొక్కజొన్న రైతు బాగుపడతారనీ చెప్పారు. చెరకు రైతు ఎంత బాగుపడ్డాడో మన జిల్లాలో అడగాలి. చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, గాజులమండ్యం ఎస్వీ షుగర్స్ మూతపడి ఏళ్లు గడిచాయి.

కార్లకూ మోటారు సైకిళ్లకూ ఈ పెట్రోలు వల్ల మైలేజీ ఎంత తగ్గుతుందని పేపర్లలో, టీవీల్లో పెద్ద చర్చ జరిగింది. 2021లో నీతి ఆయోగ్ నివేదికే పాత కార్లలో 6 నుంచి 7 శాతం, మోటారు సైకిళ్లలో 3 నుంచి 4 శాతం తగ్గుదల ఉంటుందని ఒప్పుకుంది. ఆ చర్చలో కోత మిషను మాట ఎవడైనా ఎత్తాడా? మందు కొట్టే పవర్ స్ప్రేయరు మాట, గడ్డి కోసే మిషను మాట ఎత్తాడా? ఇవి చాలావరకు రెండు స్ట్రోకుల ఇంజన్లు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోస్తాం. ఈ మిషన్లతో ఇచ్చే పుస్తకాల్లో చాలావాటిలో ఎథనాలు 10 శాతానికి మించకూడదని రాసి ఉంటుంది. బంకులో దొరికేది 20. మరి కూలీ ఎక్కడికి పోవాలి?

ఎథనాలు చేసే చెరుపు మూడు రకాలు. ఒకటి, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న క్యానులో నాలుగు రోజులు నిలవ ఉంచితే, వాన కాలంలో మరీ, నీరు ఎక్కువై ఎథనాలూ నీరూ కలిసి అడుక్కి దిగిపోతాయి. మనం కలిపిన ఆయిలు పైన పెట్రోలుతో ఉండిపోతుంది. మిషను ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం మూతి ఎక్కడుంటుంది? అడుగున. అంటే ఇంజను తాగేది ఆయిలు లేని సారా నీళ్లు. పిస్టను పట్టేయక ఏమవుతుంది? రెండు, అది రబ్బరును తినేస్తుంది. కార్బురేటరులో పల్చటి పొర ఒకటి కొట్టుకుంటూ పెట్రోలు లాగుతుంది. ఆ పొర ఉబ్బి, తర్వాత గట్టిపడి, కదలడం మానేస్తుంది. ట్యాంకు నుంచి వచ్చే సన్న గొట్టాలు పగుళ్లిస్తాయి. మూడు, ఎథనాలులో ఆక్సిజను ఉంటుంది కాబట్టి, పాత సెట్టింగులో ఉన్న మిషనుకు పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయినట్టవుతుంది. ఇంజను మామూలు కంటే వేడెక్కుతుంది.

ఇప్పుడు చెప్పండి, పిస్టను పట్టేసిన మిషను రిపేరు ఖర్చు కూలీ చేతి తప్పా, కాదా? పెట్రోలులో ఏం కలపాలో ఢిల్లీలో నిర్ణయించారు. ఆ మిషను దానికి పనికొస్తుందా అని అమ్మిన కంపెనీ చూడలేదు. చివరికి కోత పడింది సత్యవేడు తోపులో టన్ను లెక్కన పనిచేసే మనిషి కూలిలో.

విధానం మారేదాకా మనం చేయగలిగింది కొంత ఉంది. ఏ పూట పెట్రోలు ఆ పూటే, మహా అయితే మరుసటి రోజుకు సరిపడా కలుపుకోవాలి. క్యాను నిండుగా, మూత బిగుతుగా, నీడలో ఉండాలి. పోసే ముందు ప్రతిసారీ క్యాను బాగా కుదపాలి. పని లేని రోజులు వస్తాయని తెలిస్తే ట్యాంకు వంచేసి, మిగిలిన చుక్క కూడా కాలిపోయేలా మిషను ఆగేదాకా ఆడించాలి. ఆయిలు కొలత విషయంలో మిషను పుస్తకమే ప్రమాణం. మంచి రెండు స్ట్రోకుల ఆయిలైతే మామూలుగా లీటరుకు 20 మిల్లీ లీటర్లు, నాసి రకమైతే 40 అని రాసి ఉంటుంది. కంటి కొలత వద్దు. మందు సీసా మూత కొలత అసలే వద్దు. కొందరు మేస్త్రీలు ఆయిలు ఆదా చేయడానికి ఒక మూత తగ్గిస్తారు. అలా మిగిలేది పది రూపాయలైతే పోయేది సిలిండరు. అందుకే ఆయిలు కలిపేటప్పుడు పక్కన ఇద్దరు ఉండి చూడాలని మేము చెబుతున్నాం. రేపు పంచాయతీలో ఆ ఇద్దరే సాక్షులు.

మిషను స్టార్టు కాకపోతే తాడు లాగి లాగి భుజాలు పోగొట్టుకోవడం మన అలవాటు. నాలుగుసార్లు లాగి పలకకపోతే ఆగాలి. ప్లగ్గు ఊడదీసి చూడాలి. అది మాట్లాడుతుంది. తడిగా ఉంటే పెట్రోలు ముంచెత్తింది. చోకు తీసేసి, ప్లగ్గు తుడిచి, ప్లగ్గు లేకుండానే నాలుగైదుసార్లు తాడు లాగితే లోపలి పెట్రోలు బయటికి చిమ్ముతుంది. అప్పుడు మాత్రం దగ్గర బీడీ ఉండకూడదు. ఎండిపోయి ఉంటే పెట్రోలు రావడం లేదు, ట్యాంకులోని ఫిల్టరు చూడాలి. వంచిన తీగతో దాన్ని పైకి లాగవచ్చు. నల్లగా మసి పట్టి జిడ్డుగా ఉంటే ఆయిలు ఎక్కువైంది, లేదా గాలి ఫిల్టరు మూసుకుపోయింది. తెల్లగా కాలి ఉంటే ప్రమాదం: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, ఇంజను కాలిపోవడానికి సిద్ధంగా ఉంది. ఇటుక రంగులో, టీ డికాషను రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. ప్లగ్గు మొనల మధ్య సందు అర మిల్లీ మీటరు ఉండాలి.

ఇంకో జబ్బుంది, దీన్ని చూసి చాలామంది కార్బురేటరు పోయిందనుకుని వందలు పోస్తారు. మిషను అయిదు నిమిషాలు బాగా ఆడుతుంది, ఆగిపోతుంది. కాసేపుంచితే మళ్లీ పలుకుతుంది, మళ్లీ ఆగుతుంది. అప్పుడు ట్యాంకు మూత తిప్పి వినండి. ‘స్‌స్’ అని గాలి లోపలికి పోతే, కార్బురేటరుది తప్పు కాదు. ట్యాంకుకు గాలి పోయే సన్న రంధ్రం దుమ్ముతో మూసుకుంది. పెట్రోలు ఖాళీ అయ్యేకొద్దీ లోపల గాలి రాక, పెట్రోలు దిగడం లేదు. సీసా మూతికి నోరు పెట్టి గాలి వదలకుండా నీళ్లు తాగితే ఎలా ఆగుతాయో అంతే. రంధ్రం శుభ్రం చేస్తే సరి, దమ్మిడీ ఖర్చు లేదు.

మిషను తనంతట తానే అరుపు పెంచి, యాక్సిలేటరు వదిలినా తగ్గకపోతే, ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతోందని అర్థం. ఆ క్షణమే ఆపేయాలి. ‘‘ఈ ఒక్క మొద్దు అయిపోనీ’’ అన్న మేస్త్రీ మాట వింటే పిస్టను మిగలదు. ఇక యాక్సిలేటరు వదిలినా చైను తిరుగుతూనే ఉంటే స్లో తగ్గించే స్క్రూ తిప్పి చూడాలి, అప్పటికీ తిరిగితే క్లచ్చు స్ప్రింగు తెగి ఉంటుంది. అలాంటి మిషను పట్టుకుని చెట్ల మధ్య నడవడమంటే కత్తి విప్పి పట్టుకుని పరిగెత్తడమే.

గాలి ఫిల్టరు రోజూ దులపాలి. మామిడి పొట్టు, కంప దుమ్ము రెండూ జిగటగా పేరుకుంటాయి. సబ్బు నీళ్లలో కడిగి పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి. సిలిండరు చుట్టూ ఉన్న రేకుల మధ్య పొట్టు నిండితే ఇంజనుకు గాలి తగలదు. మన రాయలసీమ ఎండలో, మార్చి దాటాక, ఆ ఒక్క కారణంతోనే మిషన్లు పోతాయి.

ఇక చైను. మిషను కోసేది ఇంజనుతో అనుకుంటాం, కోసేది పళ్లతో. ఈ పళ్ల కథ ఒకటి చెప్పుకోవాలి. అమెరికాలో ఒరెగాన్ అడవుల్లో జో కాక్స్ అనే కట్టె కూలీ, 1946లో, మొద్దును తొలిచే పురుగును గమనించాడు. ఆ పురుగు రంపంలా గీకదు, దవడలతో అటూ ఇటూ చెక్కుకుంటూ పోతుంది. ఆ దవడల రూపంలోనే చైను పన్ను తయారు చేశాడు. ఇవాళ ప్రపంచమంతటా తిరిగే చైనుకు మూలం అదే. పెద్ద చదువులున్న ఇంజనీరు గది నుంచి కాదు, పురుగును గమనించిన పనివాడి కంటి నుంచి వచ్చింది ఆ పనిముట్టు. కూలీకి మిషను గురించి ఏం తెలుస్తుందని వెక్కిరించేవాళ్లకు ఈ మాట చెప్పండి.

పన్ను మొద్దుబారిందో లేదో పొట్టు చెబుతుంది. పదునుంటే రేకుల్లాంటి చెక్కులు పడతాయి, మొద్దుబారితే పిండి రాలుతుంది. పిండి రాలుతుంటే మిషనును మాను మీద అదమకండి. అదిమితే బారు కాలుతుంది, క్లచ్చు కాలుతుంది, నడుము పోతుంది. ఆగి ఆకురాయి పట్టాలి. గుండ్రటి ఆకురాయి సైజు చైనును బట్టి ఉంటుంది: చిన్న మిషను చైనుకు 4 మిల్లీ మీటర్లు, నడిమి దానికి 4.8. పన్నుకు దాదాపు 30 డిగ్రీల వాలులో, లోపలి నుంచి బయటికి, ఒక్క దిక్కుకే రాయాలి. ఎన్ని రాపులు ఒక పన్నుకు రాస్తే అన్ని పళ్లకూ అన్నే. ఎడమ పళ్లు పొడుగు, కుడి పళ్లు పొట్టి అయితే కోత ఒక పక్కకు వంకరపోతుంది. కోత వంకరపోతే బారు వంగిందని మేస్త్రీ బారు డబ్బు పట్టుకుంటాడు, లోపం చాలాసార్లు పళ్లదే. ప్రతి పన్ను ముందూ ఒక చిన్న మిట్ట ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో అది నిర్ణయిస్తుంది. పన్ను కంటే అది దాదాపు 0.65 మిల్లీ మీటరు కిందికి ఉంటే చాలు. తొందరగా కోస్తుందని దాన్ని బాగా అరగదీసేవాళ్లున్నారు. అలాంటి చైను ఎగిరి మనిషి మీదికి వస్తుంది.

చింతమాను సంగతి వేరే చెప్పాలి. ఊరి మధ్యలో నూరేళ్లు నిలబడిన చింతమానులో ఏముంటుందో దానికే తెలియాలి. మేకులు, కంచె తీగ, ఎద్దులు కట్టిన గొలుసు కొక్కి, ఓట్ల బోర్డు కొట్టిన సీలలు. ఏళ్ల తరబడి బెరడు వాటిని మింగేసి ఉంటుంది. కోసే ముందు మాను చుట్టూ తిరిగి బెరడు ఉబ్బిన చోట, నల్ల మరక ఉన్న చోట గొడ్డలి వీపుతో తట్టి చూడాలి. సర్కారు కంపైతే మట్టి దగ్గర కోయాలి కాబట్టి మొదలు చుట్టూ మట్టి తీసి, బెరడు గీకి, అప్పుడు మిషను పెట్టాలి. చైను మట్టిని ఒక్క క్షణం తాకితే గంట సేపు పట్టిన పదును పోతుంది. ఈ పనికి పట్టే సమయాన్ని టన్ను లెక్క గుర్తించదు. గుర్తించాలని అడగడం మన హక్కు. మట్టి తీసే ఆడకూలీకి కూలి కట్టకుండా, చైను పోయిందని మిషను మనిషి కూలి కోయడం ఏ లెక్క?

చైను బిగువు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. బారు కింద వేలాడకూడదు, చేత్తో లాగితే తిరగాలి. పని మధ్యలో వేడికి సాగుతుంది, మళ్లీ బిగించాలి. సాయంత్రం మాత్రం వదులు చేసి పెట్టాలి, లేకపోతే రాత్రి చల్లారి కుంచించుకుని లోపలి బేరింగుల మీద భారం వేస్తుంది. బారును రోజు మార్చి రోజు తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి. చైనుకు ఆయిలు పడుతుందో లేదో తెలుసుకోవడానికి, మిషను ఆడిస్తూ బారు మొనను తెల్లటి మొద్దు కోత ముందు పట్టండి. సన్న గీతలా నూనె చిమ్మాలి. చిమ్మకపోతే బారు మీది నూనె రంధ్రం పొట్టుతో మూసుకుని ఉంటుంది, పుల్లతో తీయాలి. ట్రాక్టరు నుంచి తీసిన కాలిన నల్ల ఆయిలును చైనుకు పోయడం మన దగ్గర మామూలైపోయింది. అందులో ఇనుప రజను ఉండి బారును అరగదీస్తుంది. అంతకు మించి, కాలిన ఇంజను ఆయిలు చర్మానికి పదేపదే తగిలితే కాన్సరు తెస్తుందని వైద్య శాస్త్రం తేల్చింది. అది మన చొక్కా మీద, ముఖం మీద రోజంతా చిమ్ముతుంది. మేస్త్రీకి మిగిలేది లీటరు ఆయిలు డబ్బు.

ఇప్పటిదాకా మిషను గాయాల గురించి మాట్లాడాం. మనిషి గాయాల సంగతికొద్దాం. బారు మొన పైభాగం దేనికైనా తగిలితే మిషను రెప్పపాటులో వెనక్కి, మనిషి మెడ వైపు లేస్తుంది. దాన్ని ఆపేది ముందు పిడి దగ్గరుండే చైను బ్రేకు. పొద్దున పని మొదలుపెట్టే ముందు బ్రేకు పడుతుందో లేదో చూడని మిషను పట్టకూడదు. చైను తెగితే దాన్ని పట్టే చిన్న కొక్కెం బారు మొదట్లో ఉంటుంది. అది విరిగి ఊడిపోయిన మిషన్లు మన తోపుల్లో ఎన్ని తిరుగుతున్నాయో లెక్క లేదు. ఎడమచేతి బొటనవేలు పిడి చుట్టూ కింది నుంచి తిప్పి పట్టాలి. చవక రకం 58 సీసీ మిషన్లలో బ్రేకు మొదటి వానకే పని మానేస్తుందని కూలీలు చెబుతారు. బాగు చేయించమంటే, ‘‘ఇన్నాళ్లూ బ్రేకుతోనే కోసినావా?’’ అని ఎగతాళి.

కనపడని గాయాలు ఇంకా ఉన్నాయి. ఈ మిషను చప్పుడు నూరు డెసిబెల్స్ దాటుతుంది, రోజుల తరబడి వింటే చెవులు పోతాయి. అదురుకు వేళ్లలో నెత్తురు పారడం తగ్గి, చలి పొద్దున వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతాయి. బ్రిటన్ అటవీ కార్మికుల్లో ఈ జబ్బు 1960ల చివర్లోనే బయటపడింది. ఈ అదురు తగ్గించడానికే కంపెనీలు పిడికీ ఇంజనుకూ మధ్య రబ్బరు దిమ్మలు పెట్టాయి. మన దగ్గర ఆ రబ్బరు దిమ్మలు అరిగిపోతే గుడ్డ చుట్టి వాడతాం. 1955లో సోవియట్ యూనియన్‌లో ‘ద్రుజ్బా’ అనే మిషను తయారైంది, పేరుకు అర్థం స్నేహం. పనివాడు వంగకుండా నిలబడి కోసేలా దాని పిడులు ఎత్తుగా పెట్టారు. అది బరువైన మిషనే, అదురు తక్కువేం కాదు. అయినా పనివాడి నడుమును లెక్కలోకి తీసుకుని పిడి పొడుగు నిర్ణయించవచ్చన్న సంగతి అందులో ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998లో అటవీ పనుల భద్రతకు నియమావళి రాసింది. హెల్మెట్, చెవి మూతలు, చైనుకు తెగని కాళ్ల తొడుగులు, శిక్షణ, అన్నీ అందులో ఉన్నాయి. మన తోపుల్లో కాళ్లకు ఉన్నది లుంగీ.

ప్రమాదం జరిగితే ఏమిటి? ‘‘కూలీకి చట్టమేముంది’’ అనేవాళ్ల మాట నమ్మకండి. 1923 నాటి పరిహార చట్టం రెండో షెడ్యూలులోనే చెట్లు నరికే పని, దుంగలు చేసే పని పేరు పెట్టి రాసి ఉంది. ఏళ్లుగా ఉన్న ఆ మాట మన కూలీల్లో ఎంతమందికి చేరింది? 2025 నవంబరు 21న నాలుగు లేబరు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. కోడ్‌ల మీద కార్మిక సంఘాల పోరాటం వేరే విషయం. పరిహారం లెక్క మాత్రం పాత పద్ధతిలోనే ఉంది: మరణమైతే నెల జీతంలో 50 శాతాన్ని, పూర్తి శాశ్వత వైకల్యమైతే 60 శాతాన్ని, వయసును బట్టి ఇచ్చిన అంకెతో హెచ్చిస్తారు. పాత చట్టం పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం సంపాదన శక్తి పోయినట్టు లెక్క. అడ్డు వచ్చేది ఒక్కటే, యజమాని ఎవరని తేల్చడం. రైతు వ్యాపారిని చూపుతాడు, వ్యాపారి మేస్త్రీని చూపుతాడు, మేస్త్రీ ‘‘వాడూ నేనూ కలిసే కూలికి పోయినాం’’ అంటాడు. కట్టె వ్యాపారమే వృత్తిగా ఉన్నవాడు మేస్త్రీని అడ్డం పెట్టి తప్పించుకోవడానికి చట్టంలో వీలు లేదు. అయితే పని అతనిదని రుజువు కావాలి. లోడు బిల్లు, కాటా చీటీ, అడ్వాన్సు ఫోన్‌లో పంపితే దాని రసీదు, ఇవన్నీ రుజువులే. కాటా చీటీని ఫోటో తీసుకోవడం మరవద్దు.

అడ్వాన్సు అప్పు మీద మనిషిని కదలనీయకపోతే అది కూలి తగాదా కాదు, వెట్టిచాకిరి. 1976 చట్టం ప్రకారం ఆ అప్పే చెల్లదు. 2019 జూలైలో మన సరిహద్దు దాటితే ఉన్న కాంచీపురం, రాణిపేట ప్రాంతాల్లో కట్టె కొట్టే చోట్ల నుంచి ఇరుళ కుటుంబాలకు చెందిన 42 మందిని అధికారులు విడిపించారు. మన యానాది కుటుంబాల బతుకు వాళ్లకంటే గొప్పగా ఏమీ లేదు. మిషను రిపేరు బాకీ అని ఖాతాలో రాసి, ఆ బాకీ తీరేదాకా ఊరు దాటకూడదంటే అది ఆ చట్టం కిందికే వస్తుంది.

చివరిది, శేషాచలం పక్క ఊళ్ల సంగతి. చంద్రగిరి, భాకరాపేట, మామండూరు దారుల్లో కోత మిషను భుజాన వేసుకుని పోయే కూలీని టాస్క్‌ఫోర్సు ఎర్రచందనం కళ్లతో చూస్తుంది. 2015 ఏప్రిల్ 7న ఈ కొండల్లోనే తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలను కాల్చి చంపారు. దుంగ కొన్నవాడు, ఓడ ఎక్కించినవాడు ఆ కాల్పుల్లో లేరు. 1967 అటవీ చట్టం కింద దుంగతో పాటు పనిముట్లు కూడా జప్తు చేయవచ్చు. జప్తు అయిన మిషను ధర ఎవరి ఖాతాలో పడుతుందో మనకు తెలుసు. పట్టా భూమిలో చెట్టు కొట్టడానికి కూడా 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి అడగాలి. ఆ కాగితం తేవడం కొట్టించేవాడి పని, కూలీ పని కాదు. కాగితం చూడకుండా మిషను తాడు లాగవద్దని మేము గట్టిగా చెబుతున్నాం. సర్వే నంబరు, మాన్ల జాతి, ఎన్ని మాన్లు, తేదీ ఉన్న ఆ అనుమతి నకలు ఒకటి ముఠాలో ఎవరో ఒకరి జేబులో ఉండాలి.

పనికి ఒప్పుకునే ముందు మేస్త్రీతో నాలుగు మాటలు మాట్లాడుకోవడం శ్రీకాళహస్తి వైపు కొన్ని ముఠాలు మొదలుపెట్టాయి. పెట్రోలు, రెండు రకాల ఆయిలు, చైను, ప్లగ్గు, ఆకురాయి మిషను సొంతదారు ఖర్చు. రిపేరు కూడా అతనిదే. మిషను ఆగిన పూటకు ముఠా మొత్తానికి సగం కూలి, ఆడకూలీలతో సహా. పదును పెట్టే సమయం, మొదలు తవ్వే సమయం పనిలో భాగం. బ్రేకు పడని మిషను పట్టనంటే పని మానేసినట్టు కాదు. ఒక మేస్త్రీ మొదట ఒప్పుకోలేదు, వేరే ముఠాను తెస్తానన్నాడు. తెచ్చిన ముఠా కూడా అవే మాటలు అడిగేసరికి మూడో రోజు దారికొచ్చాడు. ఇప్పుడు ఆ ముఠాలు ఒక బడి నోటు పుస్తకం పెట్టుకున్నాయి. రోజూ పొద్దున ఎంత పెట్రోలులో ఎంత ఆయిలు కలిపారు, ఎవరు చూశారు, బ్రేకు పడిందా, ప్లగ్గు రంగు ఏమిటి, చైను ఎన్నోది, ఎన్ని గంటలకు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది నాలుగు ముక్కల్లో రాస్తారు. రాసేది ఆ ముఠాలో ఏడో తరగతి దాకా చదివిన ఒక ఆడకూలీ. సాయంత్రం లెక్క దగ్గర మేస్త్రీ నోరు తెరవకముందే ఆమె పుస్తకం తెరుస్తుంది.